పదిహేడో నంబరు హోంవర్కు

ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 24.

నంద్యాలలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే లూదియా టీచరమ్మ గారికి,
ఆగ్రహంతో నమస్కారాలు.

ఒక పెళ్లికొడుకును హోంవర్కు చేశారు. చేసింది మీరు. ఆ పెళ్లికొడుకును నేను.

నా పేరు మద్దిలేటి. ఆళ్లగడ్డలో ఒక ప్రింటింగు ప్రెస్సులో కంపోజింగు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. కాలేజీలో చదివింది తక్కువ, మా ప్రెస్సులో అచ్చయ్యే కరపత్రాల్లో చదివింది ఎక్కువ. కాబట్టి నన్ను మోసం చేయడం కష్టం.

ఈ నెల ఎనిమిదిన మా అమ్మ బలవంతం మీద నంద్యాలలో రైసుమిల్లు ఓబులేసు గారింటికి, వాళ్ల అమ్మాయి సుకన్యను చూడటానికి వెళ్లాను. పెళ్లిచూపులంటే ఆడపిల్లను అంగట్లో సరుకులా నిలబెట్టడమని నా అభిప్రాయం. ఆ మాటే అక్కడ చెప్పాను. చెబుతూ చెబుతూ మిల్లుల్లో హమాలీలు మూటలు మోసే సంగతీ, వాళ్లకు కూర్చునేందుకు నీడ లేని సంగతీ, వారానికొక సెలవైనా లేని సంగతీ చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. ఓబులేసు గారు "అప్పా, కాఫీ సల్లారిపోతాంది" అని మూడుసార్లు అన్నారు. "హమాలీల చెమట కలిసిన కాఫీ నాకొద్దు" అని లేచి వచ్చేశాను.

మా వైపు పద్ధతి మీకు తెలిసిందే. పెళ్లిచూపులు చూసినవాళ్ల బస్సు ఊరు చేరేలోపు అవునో కాదో మధ్యవర్తి ఫోను చేయాలి. పదహారు రోజులైంది. అడిగితే "ఇంకా అనుకుంటాండారప్పా" అంటున్నాడు. ఎందుకు అనుకుంటున్నారో మొన్న తెలిసింది. మీ పొద్దుటి క్లాసుకు వచ్చే మా ఊరి కుర్రాడు మహేష్, సాయంత్రం క్లాసు వాళ్ల హోంవర్కులు మీరు గోడకు అంటించారని ఫోటో తీసి పంపాడు. పేర్లు లేవు, నంబర్లే. అన్నీ మీ దస్తూరీలోనే ఎత్తి రాశారు. పదిహేడో నంబరు ఇది:

"నేను ఎంచుకున్నది: ఆళ్లగడ్డ పిల్లోడు. మొదటి వారం. నలభై నిమిషాలు మాట్లాడినాడు. కాఫీ మీద మీగడ కట్టింది. ఇట్లాంటోని మీద ఇష్టం ఎట్ల పుడుతుందో టీచరమ్మకే తెలియాల. గ్రో ఆన్: సున్నా."

పదహారో నంబరు కాకరకాయను ఎంచుకుంది. పద్దెనిమిదో నంబరు పక్కింటి కుక్కను. కాకరకాయకూ కుక్కకూ నడుమ నన్ను అంటించారు! సుకన్య మీ క్లాసుకు వస్తుందని వాళ్లమ్మే చెప్పింది. పదిహేడు ఎవరో ఇక వేరే చెప్పాలా? మూడు రోజుల్లో ఆ కాగితం గోడ మీద నుంచి దిగకపోతే పరిణామాలు తీవ్రంగా ఉంటాయి.

ఇట్లు,
రాజీపడని,
మద్దిలేటి.

తా.క. తీసేటప్పుడు చిరగకుండా తీయండి. పదిహేడో నంబరు స్వయంగా రాసిచ్చిన అసలు కాగితం ఉంటే నాకు పంపండి. సాక్ష్యం కోసమే.


నంద్యాల,
ఫిబ్రవరి 27.

చిరంజీవి మద్దిలేటికి,
దేవుడు నీకు ఆరోగ్యమూ, నాకు ఓపికా ఇచ్చుగాక.

నీ ఉత్తరం అందింది. ముప్పై రెండేళ్లు బడిలో పనిచేశాను గనక తిట్లకు భయం లేదు. నువ్వు అడగని సంగతి ముందు చెబుతాను.

ఇవి మా శ్రమదినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజులు. ఏదో ఒకటి మానుకోవాలి. ఏటా నేను చేపల కూర మానేదాన్ని. ఈ ఏడు క్లాసులో మెల్లమెల్లగా ఇష్టం పుట్టే పాఠం వచ్చింది కాబట్టి, నచ్చనిది ఒకటి ఎంచుకుని, నలభై రోజులు దాని మీద అయిష్టం మానండి, మానలేకపోతే మానలేదనే రాయండి అన్నాను. హిందువుల పిల్లలు దీక్ష అనుకుని నాకంటే గట్టిగా పట్టారు.

టేక్ టు అంటే చూడగానే మనసు పట్టడం. గ్రో ఆన్ అంటే మొదట గిట్టనిదే రోజూ కంటబడి కంటబడి, మనం ఒప్పుకోకుండానే దగ్గరైపోవడం. వార్మ్ టు అంటే బిగుసుకున్న మనసు సెగ తగిలి మెత్తబడటం. కమ్ రౌండ్ టు అంటే వద్దని మొండికేసిన మాట దగ్గరికే చుట్టు తిరిగి వచ్చి, అవునని తలూపడం. మనకూ ఇవన్నీ జరుగుతాయి. కాకపోతే బస్సు ఊరు చేరేలోపు జవాబు చెప్పమంటాం గనక, జరిగే తీరిక ఇవ్వం.

పదిహేడు ఎవరో నేను చెప్పను. అది క్లాసు నియమం. ఎవరని నువ్వు అనుకున్నావో అది నీ సొంత పని. కాగితం దించను. ఎంచుకోబడినవాడికి రాజీనామా హక్కు లేదు. కాకరకాయ ఇంతవరకూ నాకు ఉత్తరం రాయలేదు.

నీ ఉత్తరం మాత్రం కోపానికి ఉదాహరణగా క్లాసులో చదివాను. పదిహేడో నంబరు వారు రెండోసారి చదవమన్నారు. ఈ వారం రాసింది కూడా పంపుతున్నాను, మహేష్ ఫోనుకు శ్రమెందుకు:

"రెండో వారం. వాని ఉత్తరంలో కోపముంది, అబద్ధం లేదు. మధ్యాన్నం మిల్లు కాడికి పోయి చూసినా. హమాలీలు లారీ కింద కూసోని అన్నం తింటాండారు. వాడు చెప్పింది నిజమే. అయినా వాడు నచ్చలా. కాఫీ సంగతి మరిచిపోలా."

నీ మేలు కోరే,
లూదియా.

తా.క. పరిణామాలు తీవ్రంగా ఉంటాయన్న నీ వాక్యం మా వీధిలో పంచిన మొలల డాక్టరు కరపత్రంలో మాటకు మాట ఉంది. ఆయనది కూడా మీ ప్రెస్సేనా?


ఆళ్లగడ్డ,
మార్చి 5.

లూదియా టీచరమ్మ గారికి,
పోరాట వందనాలు.

నా సొంత ఉత్తరాన్ని ఇరవైమంది ముందు చదివారు. ఇది రెండో నేరం. (రెండోసారి చదవమన్నది నిజమేనా? ఏ పేరా చదవమన్నది?)

ఇక ఉత్తరాలు లేవు, కరపత్రమే. ప్రూఫు జతపరిచాను. "నంద్యాల ప్రజలారా! ఇంగ్లీషు నేర్పే నెపంతో పెళ్లికొడుకులను వారాల తరబడి విచారణలో ఉంచే విధానాన్ని ఖండించండి! మార్చి 15, ఆదివారం, ఉదయం పది గంటలకు లూదియా టీచరు ఇంటి ముందు ధర్నాకు కదలి రండి!" ఐదు వందల కాపీలు వేస్తాను. మా యువజన సంఘంలో ఐదుగురం ఉన్నాం. తలా వంద పంచుతాం.

మీ పాఠం గురించి కూడా ఒక మాట. మెల్లమెల్లగా ఇష్టపడటమనేది తీరిక ఉన్నవాళ్ల విలాసం. నమ్మితే మొదటి నిమిషంలో నమ్మాలి, కాదంటే చివరి నిమిషం దాకా కాదనాలి. నేను ఒకసారి అన్న మాట నుంచి ఇంతవరకూ వెనక్కి రాలేదు. ఇకముందూ రాను. ఈ వాక్యం క్లాసులో చదివినా అభ్యంతరం లేదు.

రాజీపడని,
మద్దిలేటి.

తా.క. నేను అసలు కాఫీ తాగనని ఎవరూ అనుకోకూడదు. సోమవారం నుంచి రోజుకు రెండుసార్లు తాగుతున్నాను. ఈ సంగతి చేరవలసినవాళ్లకు చేరేటట్టు చూడగలరు.


నంద్యాల,
మార్చి 9.

చిరంజీవి మద్దిలేటికి,
శుభాశీస్సులు.

నీ కరపత్రంలో తప్పులు దిద్ది తిప్పి పంపుతున్నాను. ఏడున్నాయి. ధర్నా వేళ కూడా మార్చాలి. ఆదివారం పదింటికి నేను చర్చిలో ఉంటాను, ఖాళీ ఇంటి ముందు అరిస్తే మీ గొంతులకు నష్టం. మధ్యాహ్నం మూడింటికి రండి. ఐదుగురే కదా, లోపలే కూర్చోవచ్చు.

వెనక్కి రానన్న నీ వాక్యం బోర్డు మీద రాసి క్లాసంతా కింద సంతకాలు పెట్టాం. ఎంతకాలం ఉంటుందో చూడటానికి తుడవకుండా ఉంచాను.

నీ ప్రూఫు చూశాక పదిహేడో నంబరు రాసింది ఇది:

"మూడో వారం. పొద్దున లేస్తానే వాని అరుపులు చెవుల్లో పడతాండాయి. చికాకుగా ఉంది. ఒకరోజు పడకపోతే అదీ బాగలా. హమాలీలు మోసే మూట ఎంత బరువుందో చూద్దామని ఎత్తినా. లేయలా. నడుము పట్టింది. గ్రో ఆన్: కొంచెం."

నడుముతో పాటు వారి గొంతు కూడా బొంగురుగా ఉంది. మిల్లు దుమ్ము కాబోలు. అయినా క్లాసు మానలేదు.

నీ మేలు కోరే,
లూదియా.

తా.క. కాఫీ సంగతి చేరవేశాను. "రెండుసార్లు తాగితే పైత్యం చేస్తాది, ఒకసారి సాలు" అని జవాబు.


ఆళ్లగడ్డ,
మార్చి 16.

గౌరవనీయులైన లూదియా టీచరమ్మ గారికి,
నమస్కారాలు.

ధర్నా వాయిదా వేశాం. ఎండలు ముదిరాయి, మా సంఘంలో ఇద్దరికి పరీక్షలు. భయపడి మాత్రం కాదు.

నా మాట విని ఆ సుకుమారి మూట ఎత్తిందా! నడుము పట్టిందా! మూడు రోజులుగా నాకు ప్రూఫులు కనబడటం లేదు. నిన్న ఇంటికి తెచ్చి దిద్దిన ఒక పెళ్లి కార్డులో వరుడి పేరు మా అమ్మ కంటబడేదాకా మద్దిలేటి అనే వేసి ఉంచాను. ఈ పొట్లంలో నడుముకు తైలం, గొంతుకు మిరియాలూ పటికబెల్లమూ ఉన్నాయి. జుట్టుకు పెట్టుకునే క్లిప్పు కూడా ఒకటి ఉంది. అది తైలం సీసా కదలకుండా పెట్టాను, వేరే ఉద్దేశం లేదు. నెమలి బొమ్మ కూడా అనుకోకుండా వచ్చినదే.

ఇంకొక సంగతి. మిల్లుల గురించి నేను మొదట రాసింది కొంచెం తొందరపాటేమో అనిపిస్తోంది. మొన్న ఇక్కడి మిల్లుకు పోయి చూశాను. యజమానికి కూడా చెమట పడుతోంది. ఫ్యాను కింద కూర్చున్నా పడుతోంది. పాపం, ఆయన బాధలు ఆయనవి. ఈ ముక్క క్లాసులో గట్టిగా చదవండి. తండ్రిని తిట్టినవాడి మీద ఏ కూతురికి మనసు మెత్తబడుతుంది? ఈ చివరి వాక్యం చదవకండి.

మీ,
మద్దిలేటి.

తా.క. కాఫీ ఒకసారికి తగ్గించాను. చెప్పిన రోజు నుంచే.


నంద్యాల,
మార్చి 20.

చిరంజీవి మద్దిలేటికి,
శుభాశీస్సులు.

పొట్లం చేర్చాను. చదవవద్దన్నది చదవలేదు, చదవమన్నది చదివాను. క్లాసు నవ్వలేదు. నీ ఉత్తరానికి నవ్వకపోవడం ఇదే మొదలు. బోర్డు మీది వాక్యం చూసి నాకే సిగ్గేసింది.

పదిహేడో నంబరు:

"నాలుగో వారం. తైలం మంచిది. మనసు మెత్తబడింది, వార్మ్ టు అని రాసుకోండి టీచరమ్మా. మిల్లులో నీడకు షెడ్డు వేయాల, వారానికొక సెలవియ్యాల, మూటల బరువు తగ్గియ్యాల అని ఇంట్లో చెప్పినా. 'నీకేమన్నా పిచ్చి పట్టిందా' అని ఇంట్లో ఒకటే గొడవ. వాని మొదటి ఉత్తరం దగ్గర పెట్టుకోని అందరికీ చదివి చూపిస్తాండా. కానీ ఈ మధ్య వాడు మిల్లోళ్లను పొగుడుతాండాడే, ఇదేందో అర్థం కాలా."

ఆఖరి వాక్యం రెండుసార్లు చదువు బాబూ. నువ్వు ప్రూఫులు దిద్దేవాడివి, కావాలని ఒక వరస వదిలేయగలవని నాకు తెలుసు.

నీ మేలు కోరే,
లూదియా.

తా.క. క్లిప్పు గట్టిదట. తూకం చీటీలు గాలికి ఎగరకుండా పెట్టుకున్నారు.


ఆళ్లగడ్డ,
మార్చి 26.

పూజ్యులు లూదియా టీచరమ్మ గారికి,
పాదాభివందనాలు.

మనసు మెత్తబడింది! ఆ వాక్యం కత్తిరించి ప్రెస్సులో నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. నా కోసం ఇంట్లో గొడవ పడుతోంది, తండ్రి మిల్లు చీటీలు కూడా చూసిపెడుతోంది. ఎంత పనిమంతురాలు!

మిగతా వరస కూడా చదివాను. అర్థమైంది. నేను పొగిడింది చాల్లేదు, అందుకే నమ్మకం కుదరలేదు. కాబట్టి కొత్త కరపత్రం వేశాను. "మిల్లు యజమానులూ మనుషులే! ఊరికి అన్నం పెట్టే మిల్లును అర్థం చేసుకుందాం! నీడ అంటారు, నీడలో ధాన్యం ఆరుతుందా? సెలవంటారు, ఆకలికి సెలవుందా?" ఈ చివరి రెండు వాక్యాలూ నావే. ఏ డాక్టరువీ కావు.

ఇక్కడి హమాలీ యాకోబన్నకు మొదటి కాపీ ఇచ్చాను. నిరుడు నేను హమాలీల మీద వేసిన కరపత్రాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. దీన్ని పూర్తిగా చదివి, "బాగుంది మద్దిలేటీ, కాగితం మందంగా ఉంది" అన్నాడు. అంగట్లో బొరుగులు దాంట్లోనే పొట్లం కట్టించుకున్నాడు. అర్థం చేసుకునేందుకు టైము పడుతుంది లెండి. మీరే చెప్పారు కదా, చుట్టు తిరిగి రావాలి. నేను వచ్చేశాను. కమ్ రౌండ్ టు!

ఓబులేసు గారి పాదాలు పట్టుకుని కాఫీ సంగతికి క్షమాపణ చెప్పుకుంటాను. పదిహేడో నంబరు చేయి నాకు ఇప్పించవలసింది మీరే.

మీ శిష్యుడు,
మద్దిలేటి.

తా.క. బోర్డు మీద నా వాక్యం ఇంకా ఉంటే తుడిచేయండి. చాక్‌పీసు పొడి గొంతుకు మంచిది కాదు.


నంద్యాల,
ఏప్రిల్ 2.

చిరంజీవి మద్దిలేటికి,
కూర్చుని చదువు.

నలభై రోజులు కావస్తున్నాయి గనక, పదిహేడో నంబరు వారు తమ పేరు చెప్పమన్నారు. పేరు ఓబులేసు. వయసు యాభై ఆరు. మా శ్రమదినాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు కూతురు ఏం నేర్చుకుంటోందో చూసిపోదామని మా క్లాసుకు వచ్చి, కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చుని, ఆ రోజు నుంచి మానలేదు. మిల్లు నుంచి చొక్కా మీద తవుడుతోనే వచ్చి చివరి వరసలో కూర్చుంటారు. నువ్వు పంపిన తైలం ఆయన నడుముకే, పటికబెల్లం ఆయన గొంతుకే. నెమలి క్లిప్పు ఆయన గల్లాపెట్టె మీద ఉంది. ఆయన చేయి అడిగావు. ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు, అయితే కుడిచేతి రెండు వేళ్లు మిల్లు బెల్టులో నలిగి వంకరగా ఉంటాయి, చెప్పమన్నారు.

కరపత్రం ఆయనే క్లాసులో చదివారు. తర్వాత రాసింది ఇది:

"ఆఖరి వారం. వాడు చెప్పింది వద్దంటా వద్దంటానే దాని కాడికే వచ్చినా టీచరమ్మా. షెడ్డు వేసినా. ఇంటిదాంతో పది రోజులు మాటల్లేవు. సాటి మిల్లోళ్లు నన్ను చూసి నవ్వతాండారు. ఇంత జేసినాక వాడు ఆ మాట వదిలి నా పాత తావుకు వచ్చి కూసున్నాడు. రెండూళ్లకూ నడుమ శిరివెళ్ల కాడ ఎదురుబొదురు బస్సుల్లో దాటిపోయినట్ల అయింది మా కత. మొదట్లో కాఫీ తాగని పిల్లోడే నయం. నా కూతురును ఇస్తానేమోనని వాడు మాట మార్చినాడంటే, రేపు ఇంకేమన్నా ఇస్తామంటే నా కూతురునే మార్చడా?"

దీనికి జవాబు నాది కాదు. నువ్వు చెప్పుకో.

ఇక సుకన్య. ఆమెది పదహారో నంబరు, కాకరకాయ. ఎందుకమ్మా అని నిన్న అడిగాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"ఆ పొద్దు ఆయప్ప మాట్లాడతాంటే నాకు చూడంగానే పట్టింది మేడం. టేక్ టు అని మీరు చెప్పకముందే. కానీ ఆడపిల్లను సరుకు చేయొద్దని నలభై నిమిషాలు మా నాయనకు చెప్పినాడు. పక్కనే నిలబడ్డా. నీకు ఇష్టమేనా అని నన్ను ఒక్క మాట అడగలా. మా నాయన ఎట్లుండాల్నో మా నాయనే తేల్చుకున్నాడు, నేను ఎట్లాంటిదాన్నో మాత్రం నన్నడక్కుండా ఆయప్పే అనుకుంటాండాడు. నచ్చినోన్ని హోంవర్కు చేయకూడదు గదా, అందుకని కాకరకాయ పెట్టుకున్నా. అది ఇప్పుడు బాగుంది. ఆయప్ప మీద రాయమంటే మాత్రం, ఇప్పుడు రాస్తా."

కాబట్టి సంగతి ఇది. హోంవర్కుగా నువ్వు ఒకరి దగ్గర పాసై, రెండోవారి దగ్గర మొదటి వారం మొదలుపెడుతున్నావు. ఈమె తండ్రిలా కాఫీ దగ్గర ఆగిపోయే మనిషి కాదు.

బోర్డు మీద నీ వాక్యం నేను తుడవలేదు. క్లాసు తుడవనివ్వలేదు. పదిహేడో నంబరు దాని చుట్టూ గీత గీశారు.

నీ మేలు ఇంకా కోరే,
లూదియా.

తా.క. కింద ఉన్నది ఓబులేసు గారు రాసిన కరపత్రం. మీ ప్రెస్సులోనే వేయించమన్నారు. తప్పులు నేను దిద్దాను, రెండే ఉన్నాయి. నీకంటే నయం. ఒక్క అక్షరం మార్చకుండా వేసి, యాకోబన్నకు మొదటి కాపీ ఇచ్చి, నీ మొదటి ఉత్తరం నకలు నా దగ్గర తీసుకుని మిల్లుకు రా:

"హమాలీ అన్నలారా! ఏప్రిల్ 6, సోమవారం, పొద్దున ఆరు గంటలకు మన మిల్లు ఆవరణలో నీడ షెడ్డు తెరుస్తాండాము. ఆ పొద్దు నుంచి ప్రతి సోమవారం సెలవు. తేలిక మూటలు వచ్చినాయి. మాట్లాడేది ఆళ్లగడ్డ మద్దిలేటి, ధైర్యముంటే. ఆయన మాట్లాడబోయే ముందు నా కూతురు సుకన్య ఆయన్ను ఒక ప్రశ్న అడుగుతుంది, అందరూ వినాల. కాఫీ ఉంటుంది, వేడి మీదనే తాగాల. ఆరు దాటితే గేటు మూస్తాము. అందరూ కదలి రండి!"